‘జానపదం’ అని నేను రాసిన ఎనిమిది పాటలు

నా పని ఏమిటంటే

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో నన్ను ప్లేట్ల సారు అనేవారు. గ్రామఫోను ప్లేట్లు అమ్ముకుంటూ తిరిగేవాణ్ణని చాలామంది అనుకునేవారు. మద్రాసులో ఒక గ్రామఫోను కంపెనీ ఉండేది, దానికి పాడేవాళ్లను వెతికిపెట్టడం నా ఉద్యోగం. అంగళ్లు, జాతరలు, పీర్ల పండుగలు తిరగాలి. మంచి గొంతు వినబడితే ఆ మనిషిని పట్టుకోవాలి, పాటలు నోటుబుక్కులో రాసుకోవాలి, కంపెనీ సరేనంటే రైలెక్కించి మద్రాసు తీసుకుపోయి పాడించి, మళ్లీ క్షేమంగా ఊళ్లో దిగబెట్టాలి. చెప్పుకోవడానికి సంగీతంలో గడిచిన బతుకులా ఉంటుంది. నాకు జీతం ఇచ్చింది మాత్రం అనుమానపడినందుకే.

ఇప్పుడు క్యాసెట్ల కంపెనీల్లో ఇదే పనికి కొత్తగా చేరుతున్నవాళ్లు నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. ఎవరిని కనిపెట్టారు, ఎంతమందికి పేరు తెచ్చారు అని అడుగుతారు. నేను పేరు తెచ్చినవాళ్ల సంగతి వాళ్లే చెప్పుకుంటారు. ఎవరి పేరు తీసేశానో నేను చెప్పాలి, ఎందుకంటే అది నాకొక్కడికే పూర్తిగా తెలుసు.

ఆలంపూర్ దెబ్బ

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే దెబ్బ తిన్నాను. ఆలంపూర్‌లో తుంగభద్ర మెట్ల మీద ఒక భజన గురువు నాకొక పాట వినిపించాడు. తానే రాశానన్నాడు. పాడుతూ పాడుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాకూ కళ్లు చెమర్చాయి. ఏమీ అడగకుండా రచయిత దగ్గర ఆయన పేరు రాసి పంపాను. ప్లేటు బయటికి వచ్చాక నది అవతలి నుంచి ఒక బడిపంతులు ఉత్తరం రాశాడు. ఉత్తరంతో పాటు చిన్న పుస్తకం పంపాడు. అదే పాట, అక్షరం తేడా లేకుండా, ఎప్పుడో అచ్చయి ఉంది, కింద పంతులు పేరుతో.

అమ్ముడుపోని ప్లేట్లన్నీ కంపెనీ వాళ్లు పగలగొట్టించారు. నన్ను మద్రాసు పిలిపించారు. మా పైఅధికారి చలపతిరావు గారు కృష్ణా జిల్లా మనిషి. గొంతు పెంచి ఎరగడు. అందుకే ఆయనంటే ఎక్కువ భయం.

“ఆయన ఏడ్చాడండీ” అన్నాను.

“ఏడిస్తే రచయిత అయిపోతాడటండీ? మిమ్మల్ని నమ్మడానికి పెట్టుకోలేదు. పాట ఎవరిదో తేల్చడానికి పెట్టుకున్నాం” అన్నాడు.

చలపతిరావు గారి చెవి గొప్పది. పాటలో ఏ మాట తర్వాత అతికించిందో వినగానే పట్టేసేవాడు. అనుమానించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అనుమానం వచ్చాక ఏం చెయ్యాలో మాత్రం ఆయన నేర్పలేదు, నేనూ అడగలేదు. ఇద్దరిదీ తప్పే.

అప్పటినుంచి నాకు కొన్ని కిటుకులు అలవడ్డాయి. పాటను మూడో చరణం నుంచి పాడమనేవాణ్ణి. సొంతవాడు ఎక్కడినుంచైనా పాడతాడు, దొంగిలించినవాడు మొదటి నుంచి తప్ప పాడలేడని నా లెక్క. మధ్యలో ఆపి ఈ మాట ఎందుకు పెట్టావని అడిగేవాణ్ణి. ఇద్దరు ముగ్గురిని అలా పట్టుకున్నాను కూడా. పట్టుకున్నప్పుడల్లా నా తెలివి మీద నాకు మోజు పెరిగింది. ఏడెనిమిదేళ్లకు ఎవరు పాడుతున్నా వాడి నోటి వంక కాక కళ్ల వంక చూసేవాణ్ణి. పాట వినడమే మానేశానని నాకు తెలియలేదు.

అంగట్లో సాయిలు

సాయిలును మొదట చూసింది నల్లగొండ గొర్రెల అంగట్లో. పొడుగాటి మనిషి, ముప్పై ఏళ్లుంటాయి, భుజం మీద నల్లటి గొంగడి. గొర్రెలు అమ్మేసినట్టున్నాడు, చేతిలో కర్ర తప్ప ఏమీ లేదు. చుట్టూ మనుషులు నిలబడితే పాడుతున్నాడు. తాళం లేదు, డోలు లేదు. కుడికాలు నేలకేసి కొడుతూ పాడుతున్నాడు. గొంతు గరుకుగా, కోపంగా ఉంది. మాకు అలవాటైన మెత్తటి గొంతు కాదు. జనం మాత్రం కదల్లేదు.

ఎటు మళ్లను గొర్రెపిల్లా, ఎటు మళ్లనే
చెట్టు దొరది, చెల్క దొరది, ఎటు మళ్లనే

అయిపోయాక దగ్గరికి పోయి అడిగాను. “ఎవరు కట్టిండ్రు గీ పాట?”

“నేనే కట్టిన సారు.”

“ఇంకెన్ని ఉన్నయి?”

“ఎనిమిదున్నయి. గొర్లెంబడి పోయేటప్పుడు కట్టుకున్నయి.”

నా కిటుకులన్నీ వేశాను. మూడో చరణం నుంచి పాడమంటే పాడాడు. చివరి నుంచి వెనక్కి పాడమన్నా పాడాడు. నిజానికి అక్కడితో నా అనుమానం తీరాలి. తీరలేదు. ఇంత గడగడా అప్పజెప్తున్నాడంటే ఎవరో కూర్చోబెట్టి నేర్పి ఉంటారనిపించింది.

దానికి తోడు ఎనిమిది పాటల్లోనూ ఆఖరి చరణంలో ఒకే పేరు వచ్చింది. తత్వాలు పాడేవాళ్లు, భాగోతాలు కట్టేవాళ్లు చివర్లో తమ పేరు పెట్టుకోవడం మన దగ్గర పాత పద్ధతి. పాట ఎవరిదో తెలియకపోతే మేం మొదట చూసేది అదే. సాయిలు పాటల్లో ఉన్న పేరు సాయిలు కాదు.

ఈరమ్మ మాట ఇది ఇనుకోయె గొర్రెపిల్లా

నాకు ఒళ్లు పులకరించింది. దొంగ దొరికాడనుకున్నాను. ఈరమ్మ ఎవరని అక్కడే, ఆయన్నే అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అడగలేదు. అడిగితే జాగ్రత్తపడి కథ అల్లుతాడని నా భయం. నవ్వుతూ భుజం తట్టి, మద్రాసు నుంచి కబురొస్తే చెప్తానని పంపేశాను.

కత్తిరింపు

ప్లేటుకు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట పడుతుంది. అంతకు మించి జాగా లేదు. ఊళ్లో పది నిమిషాలు పాడే పాటను మేమే కోసి సరిపెట్టాలి. సాయిలు పాటకు ఐదు చరణాలు. మూడు ఉంచి రెండు కోశాను. ఆఖరిది ఎవరో తేలని ఈరమ్మ పేరున్నది కాబట్టి ఎలాగూ తీసెయ్యాలి. నాలుగోది ఇది.

కంబమొచ్చె, తీగలొచ్చె, కరెంటొచ్చెనే
గడి తెల్లారిపాయె, మా గుడిసె నల్లగనే

జాగా చాలదన్నది నిజమే. గడి అంటే దొర ఉండే కోట, ఈ చరణం ఉంటే ఏ దొరకైనా కోపం వస్తుందేమోనన్న పిరికితనం కూడా ఉంది. ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు.

నోటుబుక్కులో మిగిలిన మూడు చరణాలు పట్టుకుని విచారణకు బయలుదేరాను.

విచారణ

సాయిలు ఊరికి నేరుగా పోకుండా పక్క ఊళ్ల నుంచి మొదలుపెట్టాను. ఒకచోట పొలంలో ఆడవాళ్లు నాట్లు వేస్తూ అదే పాట పాడుతున్నారు. గట్టు మీద నిలబడి ఆ మూడు చరణాలూ చదివి వినిపించాను. అందరిలోకి పెద్దావిడను అడిగాను.

“అవ్వా, గీ పాట ఎప్పటిసంది పాడుతున్నరు?”

“ఎప్పటిసందేంది బిడ్డా, మా అవ్వ పాడంగ ఇన్న.”

“ఎవరు కట్టిండ్రో తెలుసా?”

“ఎవ్వరు కడుతరు? పాట పాటనే” అని నవ్వి, నాటు వెయ్యడానికి వంగింది.

అవ్వ పాడగా విన్నానంది కదా, నాకు అంతే చాలు. నోటుబుక్కులో అడ్డగీత కొట్టి “పాత పాట” అని రాసుకున్నాను. అక్కడినుంచి సాయిలు ఊరి పట్వారీ ఇంటికి పోయాను. చాయ్ తెప్పించి మర్యాద చేశాడు. సాయిలు పేరు ఎత్తగానే మూతి తిప్పాడు.

“గొర్లు కాసెటోనికి పాట కట్టుడేడొస్తది సారు? యాడనో ఇన్నడు, పాడుతున్నడు.”

“ఈరమ్మ అని ఎవరన్న ఉన్నరా ఊళ్లె?”

పట్వారీ బస్తాలోంచి పహాణీలు, అంటే భూముల లెక్కల పుస్తకాలు, తీసి తిరగేశాడు. “గా పేరు మీద గుంట జాగ లేదు. నా కాయితాలల్ల లేదంటె లేనట్టే.”

ఆ మాట కూడా రాసుకున్నాను. ఈరమ్మ అనే మనిషి ఎప్పుడో పోయిన ఏ జోగురాలో అయి ఉండాలి, పాటలు ఆమెవి, ఊళ్లు ఊళ్లు పాడుకుంటున్నాయి, సాయిలు వాటిని తనవని చెప్పుకుంటున్నాడు. ఇదీ నా తీర్పు. మద్రాసుకు పంపిన కాగితంలో గానం దగ్గర సాయిలు పేరు, రచన దగ్గర “జానపదం” అని రాశాను. చలపతిరావు గారు తిరుగుటపాలో మెచ్చుకున్నారు. ఈసారి ఏ బడిపంతులూ ఉత్తరం రాయడని నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

మద్రాసులో

జాగా చాలదని చెప్పి, కోసిన చరణాలు లేకుండానే సాయిలును పాడమన్నాను. పాడించడం మూడు రోజులు పట్టింది. మొదటి రోజంతా పాడయింది. సాయిలు కాలు నేలకేసి కొడితే మైకులో దెబ్బలు పడుతున్నాయని ఇంజనీరు కొట్టొద్దన్నాడు. కాలు ఆపితే గొంతు ఆగిపోయింది. అదే మనిషి, అదే పాట, ప్రాణం లేదు. రికార్డింగు మొదలైందని ఎన్నిసార్లు ఎర్ర దీపం వెలిగినా అంతే. చివరికి సాయిలే తన గొంగడిని నాలుగు మడతలు పెట్టి కాలి కింద వేసుకున్నాడు.

“గిప్పుడు కొట్టొచ్చునా సారు?”

కొట్టాడు. గొంగడి మీద పడిన ఆ దెబ్బ లోపలి నుంచి వచ్చినట్టు బరువుగా పడింది. ఇంజనీరు చెవులకున్నవి తీసి నా వంక చూశాడు. ఆ ప్లేటు కొన్నవాళ్లు తర్వాత ఆ దెబ్బ కోసమే కొన్నారు. హోటళ్లలో ప్లేటు తిరుగుతుంటే బల్లల కింద కాళ్లు ఆడేవి. అది కనిపెట్టినవాణ్ణి నేనేనని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. కనిపెట్టింది ఆయన.

ఎనిమిది పాటలు, నాలుగు ప్లేట్లు. నాలుగింటినీ అట్టజేబులున్న పుస్తకంలో పెట్టి సెట్టుగా అమ్మాలని కంపెనీ ఆలోచన. దాన్నే ఆల్బం అనేవారు. పౌరాణిక నాటకాలకు అలాంటి సెట్లు వచ్చేవి కానీ, గొర్రెలు కాసే ఒక్క మనిషి పాటలతో సెట్టు వెయ్యడం మా కంపెనీలో అదే మొదలు. ముందుగా జనం నాడి చూడ్డానికి గొర్రెపిల్ల పాటను, ఇంకొకదాన్ని కలిపి ఒకే ప్లేటుగా వదిలారు. అది బాగా పోయింది. మిగతా సెట్టు అచ్చుకు సిద్ధమవుతోంది.

ఆయన ఏ ఊరాయన?

ఒక పొద్దున సాయిలు పాలమూరులో మా ఇంటి ముందు నిలబడి ఉన్నాడు. ప్లేటును కండువాలో చుట్టి తెచ్చాడు. ఆయనకు చదువు రాదు. ఎవరో చదివి చెప్పినట్టున్నారు. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప దగ్గరే కండువా విప్పి లేబుల్ మీద వేలు పెట్టాడు.

“సారు, గీడ నా పేరున్నది. పాడిందానికి. సరే. కట్టిందానికి వేరే ఎవరిదో పేరున్నదట గద?”

“జానపదం అని ఉన్నది.”

“అవు, గదే. గా జానపదం ఎవరు సారు? ఏ ఊరాయన?”

నవ్వు వచ్చింది నాకు. పైకే నవ్వాను, అది చెప్పాలి. జానపదం అంటే మనిషి కాదు, ఊరందరిదీ అని అర్థం అని విడమరచి చెప్పాను. సాయిలు నవ్వలేదు.

“ఊరందరిదైతె ఊళ్లె నేను లేనా? నేను కట్టలేదని మీకెవరు సెప్పిండ్రు?”

ఇంక దాచడం దేనికని నా దగ్గరున్న ఆయుధం తీశాను. “మరి ఈరమ్మ ఎవరు?”

“మా అవ్వ సారు. మా నాయినకు తల్లి. నన్ను సాకింది ఆమెనే. సచ్చిపోయి నాలుగేండ్లాయె.”

“పాటలు ఆమె కట్టిందా?”

“ఆమెకు పాట రాదు, మాట వచ్చు. పట్వారి కాయితంల ఆమె పేరు లేదు. ఓట్లప్పుడు పేర్లు రాసుకపోను వచ్చినోళ్లు సుత ఫలానోని పెండ్లాం అని రాసుకున్నరు. సచ్చినంక ఎవరన్న అడిగితె ఈరమ్మ అని ఒకామె ఉన్నదని సెప్పెతందుకు యాడ ఏం లేదు. గందుకే నా పాటల పెట్టుకున్న. పాట పాడినన్నొద్దులు ఆమె ఉంటది గదా అని.” ఆగి, ప్లేటు వంక చూశాడు. “గా ముక్కనే మీరు కోసిండ్రు.”

నేను ఇంకా లొంగలేదు. నాట్లు వేసే పెద్దావిడ మాట గుర్తు చేశాను. మా అవ్వ పాడగా విన్నానంది కదా అన్నాను.

“గా అవ్వ ముంగట కంబం ముక్క పాడిండ్రా మీరు?”

పాడలేదు. దాన్ని కోసేశాను కదా.

“గా ముసలామెకు అరవై ఏండ్లుంటయి. ఆమె అవ్వ బతికున్నప్పుడు మా దిక్కు కరెంటు కంబాలు యాడున్నయి సారు? మొన్న గాదా పాతింది?”

అప్పుడు తెలిసింది. పాట నాలుగేళ్లలో ఊళ్లన్నీ తిరిగి, అందరి నోళ్లలో పడి, ఎప్పటినుంచో ఉన్నట్టు అయిపోయింది. మంచి పాటకు అంతకంటే ఏం కావాలి? ఆ గొప్పతనాన్నే నేను ఆయన మీద నేరంగా మోపాను. పాట వయసు చెప్పే ఒక్క చరణాన్నీ నా చేత్తోనే కోసి, మిగిలిన ముక్కలతో సాక్ష్యం సేకరించాను. సిగ్గుతో చచ్చిపోయాను. కూర్చోమని మళ్లీ అన్నాను. కూర్చోలేదు. “సెట్టు మీదనన్న సక్కగ రాయిపియ్యిన్రి” అని చెప్పి పోయాడు.

ఆ రోజే మద్రాసుకు రాశాను. జవాబు రాకపోతే నేనే పోయాను. చలపతిరావు గారు అంతా విన్నారు.

“మొన్న కాదన్నారు, ఇవాళ అవునంటున్నారు. రేపు ఏమంటారో! జానపదం అని ఉంటే మనల్ని ఎవరూ ఏమీ అనరండీ, ఉండనివ్వండి” అన్నారు.

నేను బల్ల గుద్ది ఉండొచ్చు. రాజీనామా ఇస్తానని బెదిరించి ఉండొచ్చు. పిల్లలు చదువుకుంటున్నారని నాకు నేను చెప్పుకుని రైలెక్కాను. సెట్టు వచ్చింది. నున్నటి అట్ట, మీద గొర్రెల మంద బొమ్మ. ఎనిమిది పాటలకూ రచన జానపదమే. ఈరమ్మ ఏ పాటలోనూ లేదు.

కొత్తగా చేరేవాళ్లకు

అనుమానపడొద్దని నేను చెప్పను. ఈ పనిలో దొంగలు నిజంగానే ఉంటారు. అనుమానం వస్తే ముందు ఆ మనిషినే అడగండి, ఎదురుగా కూర్చుని, తిన్నగా. పట్వారీ తర్వాత. పాటను కొయ్యకముందే పూర్తిగా వినండి. ఎవరిదో తెలియకపోతే తెలియదని రాయండి. జానపదం అని రాయడం తెలియదని రాయడం కాదు, ఎవరిదీ కాదని రాయడం. మా రోజుల్లో ఆ మాట రాసి మేం ఎంతమంది నోళ్లు కొట్టామో నాకే తెలియదు.

పాటల పోటీ

సెట్టు వచ్చిన కొన్నేళ్లకు హైదరాబాదులో ఒకరు పాటల పోటీ పెట్టారు. సొంతంగా కట్టిన పాటే పాడాలని నియమం. కంపెనీ తరఫున నన్నూ న్యాయనిర్ణేతల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పేర్లు పిలుస్తుంటే సాయిలు లేచి వచ్చాడు. నన్ను చూశాడు, చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. గొర్రెపిల్ల పాట ఎత్తుకున్నాడు. ఐదు చరణాలూ పాడాడు, కంబంతో, ఈరమ్మతో సహా. హాలులో చప్పట్లు ఆగలేదు.

నా పక్కన కూర్చున్న పెద్దమనిషి తెలుగు పండితుడు. చప్పట్లు ఆగాక అన్నాడు. “బాగుందయ్యా. కానీ ఇది జానపదం. మా ఇంట్లో ప్లేటుంది, దాని మీద స్పష్టంగా రాసి ఉంది. సొంతది పాడు.”

“గిది నా సొంతదే” అన్నాడు సాయిలు.

ఈసారి నేను లేచి నిలబడ్డాను. “ఆ మాట ప్లేటు మీద రాయించింది నేను. తప్పు రాశాను. పాట ఈయనదే” అన్నాను.

పండితుడు నన్ను కింది నుంచి పైకి చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు, ఇరవై ఏళ్లు నేను జనాన్ని చూసిన చూపే.

“ఈయనకూ మీకూ ఏమిటండీ సంబంధం?” అన్నాడు.

బల్ల చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి. ఆధారం ఉందా అన్నారు. ఉన్న ఆధారమల్లా నా చేతిరాతే, అది సాయిలుకు వ్యతిరేకంగా ఉంది. తర్వాతి పేరు పిలిచారు.

నేను పరిగెత్తుకుంటూ బయటికి వచ్చేసరికి సాయిలు నల్లగొండ బస్సు దగ్గర నిలబడి ఉన్నాడు. తప్పయిందన్నాను. తల ఊపాడు.

“కొత్తయి ఏమన్న కట్టినవా సాయిలూ?”

“కట్టిన. ఆరేడున్నయి.”

“నాకు పాడు. ఈసారి నేనే దగ్గరుండి రాయిస్త. రచన నీది, పక్కన మీ అవ్వ పేరు. ముక్క కొయ్యనియ్య. నన్ను నమ్ము.”

సాయిలు నా మొహం వంక చాలాసేపు చూశాడు. కోపం లేదు. నేను అబద్ధమాడుతున్నానేమోనని చూస్తున్నాడు.

“అవి మా అవ్వ పేరు మీదున్నయి సారు. ఆమెనడిగి సెప్త” అన్నాడు.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. గొంగడి ఒళ్లో పెట్టుకుని ముందుకు చూస్తున్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఆ పాటలు నేను ఇంతవరకు వినలేదు.